ముందు స్కాన్ సరే, తర్వాత స్కాన్ సరే, లెక్క ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ధ్యానం మీద వచ్చిన ఆర్టికల్ చదివాను, ఎనిమిది వారాలు చేసినవాళ్ల మెదడు స్కాన్‌లో మార్పు కనిపించిందట, చెయ్యనివాళ్లలో కనిపించలేదట, కాబట్టి అంతా ధ్యానం మహిమేనని తేల్చేశారు. నాకు ధ్యానం మీద కోపమేం లేదు, మా అమ్మ రోజూ చేస్తుంది. కానీ ఎమ్మారై డేటా లెక్కలు వేసుకుని బతికేవాణ్ణి, ఆ "కాబట్టి" దగ్గరే ఆగిపోయాను.

పాస్ మార్కు 35 అనుకోండి, ఒకడికి 35 వచ్చాయి, ఇంకోడికి 34. ఒకడు పాసు, ఒకడు ఫెయిలు, కానీ ఇద్దరి మధ్య తేడా ఒక్క మార్కే కదా. ఒక గ్రూపులో మార్పు "సిగ్నిఫికెంట్" (ఊరికే కాకతాళీయంగా వచ్చిందని కొట్టిపారెయ్యలేనంత), ఇంకో గ్రూపులో కాదు అన్నంత మాత్రాన రెండు గ్రూపులూ వేరని తేలదు, ఆ తేడానే విడిగా టెస్ట్ చెయ్యాలి. ఇది చిన్నవాళ్లు చేసే తప్పేం కాదు. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు పెద్ద జర్నల్స్‌లో వచ్చిన 513 న్యూరోసైన్స్ పేపర్లు తిరగేస్తే, ఈ తప్పుకి అవకాశం ఉన్నవి 157, అందులో 79 చేసేశాయి. సగం పైనే!

అసలు ఒకే మనిషిని రెండుసార్లు స్కాన్ చేస్తే లెక్క వేరేలా ఉంటుంది. షుగర్ టెస్ట్ తెలుసు కదా, తినకముందు ఒకరికి 90, ఇంకొకరికి 180, ఎవరి రీడింగ్‌ని వాళ్ల పాత రీడింగ్‌తోనే పోల్చాలి. 20 మందికి రెండేసి స్కాన్లు తీస్తే 40 మంది అయిపోరు. అందుకే మెదడు స్కాన్ల లెక్కలు చేసే ఎస్‌పీఎమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మోడల్ (లెక్కల పట్టిక) పెట్టేటప్పుడు ఒక్కో మనిషికి ఒక్కో కాలమ్ ఇస్తాం, స్క్రీన్ మీద అది బూడిద రంగులో తెల్లటి మెట్ల వరసలా దిగుతూ కనిపిస్తుంది.

ఆ మెట్ల మీదే ఒకసారి నేనూ జారిపడ్డాను. పేషెంట్లు 18 మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 18 మంది, మనిషికి రెండేసి, మొత్తం 72 స్కాన్లు. అదే మోడల్లో పేషెంట్లకీ మిగతావాళ్లకీ తేడా ఎంతని అడిగితే "ఇన్వాలిడ్ కాంట్రాస్ట్" అంది, అంటే ఈ పోలిక ఇక్కడ కుదరదని, ఊరుకోకుండా వెయిట్లు (ఒక్కో కాలమ్‌కి ఇచ్చే అంకెలు) అటూ ఇటూ మార్చి ఒప్పించాను, ఇంకేముంది, ఎక్కడ చూసినా తేడాలే, మెదడంతా దీపావళి! రెండ్రోజులు సంబరపడ్డాక మా సీనియర్ చూసి నవ్వాడు. మనిషికీ మనిషికీ ఉండే తేడాని ఆ కాలమ్సే మింగేశాయి, మిగిలింది ఒక్కో మనిషిలో వచ్చే చిన్న ఊగిసలాట, ఆ చిన్న కొలతతో పెద్ద తేడాని కొలిస్తే అన్నీ గొప్పగానే కనిపిస్తాయి మరి. ఆ ప్రశ్నకైతే మనిషి రెండు స్కాన్లకీ సగటు తీసి గ్రూపుల్ని పోలిస్తే సరిపోయేది.

ధ్యానం లాంటి దానికి ఇంకా తేలిక, తర్వాతది మైనస్ ముందుది, మనిషికి ఒక్కటే తేడా బొమ్మ, రెండు గ్రూపుల బొమ్మల మధ్య మామూలు టీ-టెస్ట్ (రెండు సగటుల తేడాని పరీక్షించే లెక్క), అంతే. మూడు నాలుగు విజిట్లు ఉండి మధ్యలో కొందరు మానేస్తే మాత్రం మిక్స్‌డ్ మోడల్స్ (కొన్ని స్కాన్లు లేకపోయినా ఉన్నవాటితో లెక్క వేసే పద్ధతి) వైపు వెళ్లాలి, ఆ తలనొప్పి వేరే.

ఆ ఆర్టికల్ రాసినాయన దగ్గర అసలు పేపర్ ఉంటే దాని పేరైనా వెయ్యండి సార్, టేబుల్లో "గ్రూప్ ఇంటూ టైమ్" అనే వరస, అంటే రెండు గ్రూపుల మార్పుల మధ్య తేడాని టెస్ట్ చేసేది, ఉందో లేదో నేనే చూసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్