జాకెట్ పంపుతున్నాను బిడ్డా

హన్మకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

బండి మీద వేసుకునే నీ తోలు జాకెట్ పని ఇప్పుడే అయింది. పొద్దున బస్టాండుకు పోయి ఆర్టీసీ కార్గోలో వేస్తాను. ఫోన్లోనే చెబుదామనుకున్నా గానీ, ఆఫీసు హడావిడిలో నువ్వు "సరే బాపూ, సరే బాపూ" అంటావు, నాకు తృప్తి ఉండదు. అందుకే రాసి లోపలి జేబులో పెడుతున్నాను. వేసుకునే ముందు కూర్చుని చదువు.

పడ్డప్పుడు భుజాలకు, మోచేతులకు దెబ్బ తగలకుండా ఆపే ప్యాడ్లు పంపి, "లోపల పెట్టి కుట్టెయ్ బాపూ, ఒక్క పూట పనే కదా" అన్నావు. నాలుగు రాత్రులు పట్టింది. ఆటో సీట్ల పనులన్నీ అయ్యాక, షాపు సగం షట్టర్ దించి చేశాను.

ముందు తోలు సంగతి. మీ సీనియర్ దగ్గర కొన్నది పాతదే అయినా సరుకు మంచిది. అంచు దగ్గర కొలిస్తే 1.2 మిల్లీమీటర్ల మందం వచ్చింది. భుజాల దగ్గర, చేతుల దగ్గర రెండేసి వరసల కుట్టు ఉంది. షోకు కోసం కుట్టే జాకెట్లలో తోలు దీనికంటే పలచగా ఉంటుంది, రోడ్డు మీద జారితే ఎక్కువసేపు నిలవదు. ఇది నిలుస్తుంది. కానీ తోలు ఆపేది రాపిడిని. దెబ్బను ఆపదు. ఈ రెండూ వేరని నాకు నా మోచెయ్యి విరిగాకే తెలిసింది.

2003లో, దసరా ముందు. అప్పుడు నీకు మూడేళ్లు. పరకాలలో ఒకాయనకు ట్రాక్టరు సీటు కుట్టి ఇచ్చి స్కూటర్ మీద వస్తున్నాను. రోడ్డుకు ఒక పక్క మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఎదురుగా బస్సు వస్తుంటే పక్కకు జరిగాను, రాళ్ల సందులోంచి ముందు చక్రం మక్కల మీదికి ఎక్కింది. ఎండిన మక్కల మీద టైరు నిలబడదు బిడ్డా, కింద గింజ గింజా దొర్లుతుంది. ఎడమ పక్కకు పడి చాలా దూరం జారాను. నేనే కుట్టుకున్న దళసరి రెగ్జిన్ జర్కిన్ ఒంటి మీద ఉంది. లేచి చూసుకుంటే చర్మం మీద గీత కూడా లేదు. జర్కిన్ చెయ్యి మాత్రం అరిగి లోపలి బట్ట బయటపడింది. దేవుడు చల్లగా చూశాడనుకుని స్కూటర్ లేపబోతే చెయ్యి లేవలేదు. మోచేతి ఎముక విరిగింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మూడు నెలలు మిషను మీద కూర్చోలేదు. మీ అమ్మే షాపు తెరిచి, పాత గిరాకీల దగ్గర రావాల్సిన డబ్బులు వసూలు చేసి ఇల్లు నడిపింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేనని నీకు తెలుసు. ఇంత వివరంగా మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు జర్కిన్ చేయాల్సిన పని చేసింది. నేల తగిలినప్పటి దెబ్బను మింగేది ఏదీ అందులో లేదు. నీ జాకెట్ విప్పి చూస్తే ఇందులోనూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన ప్యాడ్లు చూడగానే నాకు నమ్మకం కలగలేదన్న మాట నిజం. వేళ్లతో వంచితే మెత్తగా వంగుతున్నాయి. నేను సీట్లలో వేసే స్పాంజి కంటే పలచగా ఉన్నాయి. ఎన్‌ఐటీలో చదివే ఒక పిల్లాడు బండి సీటు కుట్టించుకోవడానికి వస్తే లేబుల్ చూపించి అడిగాను. ఓపికగా చెప్పాడు. కార్న్‌ఫ్లోర్ నీళ్లలో చిక్కగా కలిపి మెల్లగా వేలు పెడితే దిగుతుంది, ఒక్కసారిగా గుద్దితే గట్టిపడి వేలిని ఆపేస్తుంది, ఈ ప్యాడ్ల గుణం కూడా అలాంటిదే అన్నాడు. ఇంటికొచ్చి గిన్నెలో కలిపి చూశాను. నిజమే. స్పాంజి అలా కాదు. దెబ్బకు పూర్తిగా అణిగిపోతుంది, అణిగాక ఎముకకూ రోడ్డుకూ మధ్య ఏమీ మిగలదు.

లేబుల్ మీద ఉన్న ఈఎన్ 1621-1 అనేది యూరప్ వాళ్ల పరీక్షట. 5 కిలోల దిమ్మెను దాదాపు మీటరు ఎత్తు నుంచి ప్యాడ్ మీద పడేస్తారు. ప్యాడ్ దాటి కిందికి చేరే బలం ఎంత తక్కువైతే అంత మంచిది. దాన్ని కిలోన్యూటన్లలో కొలుస్తారు. సగటున 35కి మించకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2. నువ్వు లెవెల్ 2 తీసుకున్నావు. డబ్బులు ఎక్కువైనా మంచి పని చేశావు. పక్కన టీ ప్లస్ గుర్తు కూడా ఉంది, అంటే 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్ష పెట్టారన్నమాట. మన ఎండలకు ఆ గుర్తు ఉన్నవే కొనాలి.

ఇక కుట్టు. తోలు బట్ట లాంటిది కాదు. బట్టలో సూది దిగితే నూలు పక్కకు జరిగి మళ్లీ దగ్గరవుతుంది. తోలుకు పడ్డ చిల్లు అలాగే ఉండిపోతుంది. చిల్లులు వరసగా పడితే పోస్టు స్టాంపు అంచులా తయారై, గట్టిగా లాగినప్పుడు అక్కడే చిరుగుతుంది. అందుకే పై తోలు మీద కొత్తగా ఒక్క కుట్టు కూడా వేయలేదు. గుండుసూదులు కూడా గుచ్చలేదు, బట్టలకు పెట్టే క్లిప్పులతో పట్టించాను. లైనింగ్ ఒక పక్క విప్పి జాకెట్ లోపలిది బయటికి తిప్పాను. జాలీ బట్టతో ప్యాడ్లకు సంచులు కుట్టి, మూతికి వెల్క్రో పెట్టాను.

మొదట ఆ సంచులను లైనింగ్‌కే కుట్టాను. చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తే లైనింగ్‌తో పాటు ప్యాడ్ కూడా తిరుగుతోంది. కింద పడ్డప్పుడు ప్యాడ్ మోచేతి పక్కకు పోతే అది ఉన్నా లేనట్టే కదా. మర్నాడు అంతా విప్పేశాను. తోలు ముక్కలు కలిసే చోట లోపలికి మడిచిన అంచు ఉంటుంది. సంచుల పక్కలను ఆ అంచుకు పట్టించి చేతి సూదితో కుట్టాను. సీట్లకు వాడే నైలాన్ దారమే వాడాను, నూలు దారం చెమటకు చివికిపోతుంది. ఇప్పుడు లైనింగ్ కదిలినా ప్యాడ్ కదలదు.

కొలతకు మీ అమ్మ సాయం చేసింది. నీ చేతులు అచ్చం ఆమె చేతుల కొలతే. చెయ్యి కిందికి వేలాడేసి గుర్తు పెడితే సరిగ్గా మోచేతి మీదే ఉన్న ప్యాడ్, బండి హ్యాండిల్ పట్టుకోగానే పైకి పోయింది. చెయ్యి ముందుకు చాపితే జాకెట్ చెయ్యి రెండు అంగుళాల దాకా లాగుతుంది. అందుకని రాత్రి పది గంటలకు వాకిట్లో స్కూటర్ మీద, ఆ ఉక్కపోతలో, అమ్మను జాకెట్‌తో కూర్చోబెట్టి హ్యాండిల్ పట్టించి గుర్తులు పెట్టాను. అరగంట కదలకుండా కూర్చుంది. నువ్వు బండి నడపడం అంటే ఆమెకు ఎంత టెన్షనో తెలుసు కదా, అయినా ఒక్క మాట అనలేదు. "మోచేతి కొన కిందికి కూడా రావాలి కదా, ఇంకొంచెం దించు" అంది, అంతే.

ఈ జాకెట్ మగవాళ్ల కొలతది కాబట్టి నీకు ముంజేయి దగ్గర వదులు. అక్కడ తోలు పట్టీ ఒకటి పాత కుట్టులోనే కలిపి, రెండు టిచ్ బటన్లు పెట్టాను. బండి ఎక్కే ముందు లోపలి బటన్‌కు బిగించు. వదిలేస్తే ప్యాడ్ గుండ్రంగా తిరుగుతుంది.

వెన్ను ప్యాడ్ మాత్రం వేయలేదు, కోపం చేసుకోకు. జాకెట్‌తో పాటు నీకు వచ్చినదాని మీద ఏ లేబులూ లేదు. బొటనవేలితో నొక్కితే అవతల ఉన్న వేలు తగిలింది. అది స్పాంజే. దాన్ని పెట్టి సంచి మూస్తే వెన్నుకు రక్షణ ఉందని నువ్వు అనుకుంటావు, అదే నాకు భయం. వెన్నుకు వేరే పరీక్ష ఉంది, ఈఎన్ 1621-2 అని. అందులో లెవెల్ 1 రావాలంటే 18 కిలోన్యూటన్లు, లెవెల్ 2కి 9 మించకూడదు. ఆ నంబరు, బండి బొమ్మ ఉన్న లేబుల్ చూసి కొను. సంచి మాత్రం కుట్టి ఉంచాను, లోపల 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. కొనడానికి డబ్బులు రేపే వేస్తాను, వద్దనకు.

జాకెట్ ఉతకకు, తడిబట్టతో తుడువు. ప్యాడ్లు వెల్క్రో విప్పి తీసుకోవచ్చు. ఎండలో బండి ట్యాంకు మీద పడేసి పోకు. ఎప్పుడైనా పడితే, ప్యాడ్ పైకి బాగానే కనిపించినా తీసేసి కొత్తది వెయ్యాలి. పంటలు వచ్చే రోజుల్లో జనగామ దాటాక, ఘనపూర్ దగ్గర సర్వీసు రోడ్డులోకి దిగకు. వడ్లు, మక్కలు అక్కడే పోస్తారు, చీకట్లో కనిపించవు.

జాకెట్ అందగానే వేసుకుని, బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నప్పుడు పక్క నుంచి ఎవరితోనైనా ఫోటో తీయించి పంపు. మోచేతి కొన ప్యాడ్ మధ్యలో ఉందో లేదో చేత్తో తడిమి చూసుకో. భుజం ఎముక కూడా చూడు. అర అంగుళం అటూ ఇటూ జరపడానికి వీలుగా సంచుల కింద మడత వదిలాను. తేడా ఉంటే వచ్చే ఆదివారం నేరుగా షాపుకే రా. ఆ దారం రీలు విడిగా పక్కన పెట్టి ఉంచుతాను.

మీ బాపు