పిల్లలమర్రి ఏ జిల్లాలో ఉంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నల్లగొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మూడేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక ఒక గంట సేపు వెబ్ డైరెక్టరీలో, అంటే వెబ్‌సైట్లను ఊళ్లవారీగా, విషయాలవారీగా విభాగాల్లో పెట్టే జాబితాలో, వలంటీర్ ఎడిటర్‌గా పని చేస్తున్నాను. జీతం లేని పని. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల విభాగాలు చూసుకునేవాళ్లు లేక పాతబడిపోతున్నాయి. ఆ సంగతి నలుగురికీ తెలియాలనే ఈ ఉత్తరం.

పోయిన నెలలో ఒక లింక్ నా ముందుకొచ్చింది. పిల్లలమర్రి గురించిన సైట్, మహబూబ్‌నగర్ విభాగంలో చేర్చమని పంపారు. తెరిస్తే పైన మర్రిచెట్టు ఫొటో. ఊడలు దిగి ఎకరాల మేర పాకిన చెట్టు, ఏడు వందల ఏళ్ల నాటిదని పాలమూరు వాళ్లు చెప్పుకునేది. కిందికి జరిపి చదివితే రాసిందంతా ఎరకేశ్వరాలయం గురించి. ఆ గుడి ఉన్నది సూర్యాపేట పక్కన ఉన్న పిల్లలమర్రి అనే ఊళ్లో. రెండింటినీ కలిపి ఒకటే చోటు అని రాసేశారు. ఎలా వెళ్లాలో చెప్పిన దారి మాత్రం మహబూబ్‌నగర్ బస్టాండ్ నుంచి! కాకతీయుల గుడి చూద్దామని పిల్లల్ని తీసుకుని బయల్దేరిన మాస్టారు ఆ చెట్టు కిందికి చేరితే ఏం చెప్పుకుంటాడు? నేను దాన్ని చేర్చలేదు. కారణం నోట్‌లో రాసి పక్కన పెట్టాను.

పానగల్లు సంగతీ ఇంతే. ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది మా నల్లగొండ పానగల్లులో. కోట ఉన్న పానగల్ వనపర్తి జిల్లాలోది. నల్లగొండ పాత పేరు నీలగిరి కాబట్టి ఆ పేరుతో వెతికితే తమిళనాడు కొండలూ ఊటీ హోటళ్లూ వస్తాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఈ తేడాలు ఇట్టే తెలుస్తాయి. ఎక్కడో కూర్చుని మంచి మనసుతో పని చేసే వలంటీర్‌కు ఎలా తెలుస్తాయి?

వలంటీర్లు నడిపిన ఇలాంటి డైరెక్టరీల్లో పెద్దది డీమోజ్. 1998లో అమెరికాలో మొదలైంది, ఆ ఏడాదే నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ చేతికి వెళ్లింది. గూగుల్ సైతం చాలా ఏళ్లు ఈ జాబితానే తీసుకుని తన డైరెక్టరీగా చూపించింది. 2017 మార్చిలో మూసేసే నాటికి అందులో 38 లక్షలకు పైగా సైట్లు, 10 లక్షలకు పైగా విభాగాలు, 90 భాషలు ఉన్నాయి. తెలుగూ ఉంది. మొదటి నుంచి అందులో చేయి వేసిన ఎడిటర్లు 90 వేల మంది పైమాటే. మూతపడ్డాక వాళ్లలో కొందరు ఆ జాబితాను వదులుకోలేక కర్లీ అనే పేరుతో మళ్లీ నిలబెట్టారు.

సెర్చ్ ఉండగా ఇదంతా ఎందుకని మా అబ్బాయే అడుగుతాడు. ఏం అడగాలో తెలిసినవాడికి సెర్చ్ చాలు. నారాయణపేటలో ఏమేం ఉన్నాయో తెలియనివాడు ఏమని టైప్ చేస్తాడు? ఆ ఊరి విభాగం తెరిస్తే బడులు, ఆస్పత్రులు, చేనేత సంఘాలు వరసగా కనిపించాలి. పైగా డబ్బు కట్టినవాడి సైట్ పైకి రాదు. ఎడిటర్‌గా దరఖాస్తు చేసేటప్పుడే మనకు సంబంధం ఉన్న సైట్లేవో చెప్పాలి. సొంత దుకాణానికి మేలు చేసుకుంటూ దొరికితే తీసేస్తారు.

పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. మొదట ఒక చిన్న విభాగం ఎంచుకుని, అందులో చేర్చదగ్గ రెండు మూడు సైట్లకు పేరు, వివరణ రాసి పంపాలి. సీనియర్లు చూసి ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఎదురు చూస్తున్న లింకులు ఒక్కొక్కటే తెరిచి చదవాలి. పేరు ఉన్నది ఉన్నట్టు, వివరణ ఒకటి రెండు వాక్యాల్లో. ‘జిల్లాలో నంబర్ వన్’, ‘అతి తక్కువ ధరలు’ లాంటి మాటలు కొట్టేయాలి. నారాయణపేట చీరలని పేరు పెట్టుకున్న సైట్ వేరే నగరంలోని ఆన్‌లైన్ దుకాణమైతే అది షాపింగ్‌లోకి పోవాలి గానీ ఊరి విభాగంలోకి రాకూడదు.

అన్నింటికన్నా ఎక్కువ పని పెట్టింది జిల్లాల విభజన. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, నల్లగొండ మూడైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరే జిల్లా అయింది. షాద్‌నగర్, ఆమనగల్లు రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. డైరెక్టరీలో ఈ మార్పు ఒక్క బటన్‌తో అయ్యేది కాదు. ఎందుకంటే చాలా సైట్లలో చిరునామా కింద ఇప్పటికీ పాత జిల్లా పేరే ఉంది. మండలం చూసుకుని, అది ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో సరిచూసుకుని, లింకులు ఒక్కొక్కటే మార్చాలి. పాత పేరుతో వెతికేవాళ్ల కోసం పాత చోట కొత్త విభాగానికి దారి వదలాలి. నేను నల్లగొండ వైపు చాలావరకు చేశాను. పాలమూరు వైపు ఒక్కడినే చేయలేకపోతున్నాను.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మా జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీ తన సైట్ పేరును రెన్యువల్ చేయించుకోలేదు. ఆ పేరును ఎవరో కొనేశారు. డైరెక్టరీలో కాలేజీ పేరు అలాగే ఉంది, నొక్కితే తెరుచుకునేది బెట్టింగ్ సైట్. సైట్ పనిచేయకపోతే ప్రోగ్రామ్ పట్టేస్తుంది. ఇలా పనిచేస్తూనే వేరేదైపోతే మనిషి తెరిచి చూస్తేనే తెలుస్తుంది. నాకు తెలిసింది కూతురి అడ్మిషన్ కోసం ఫోన్‌లో తెరిచిన ఒక తల్లి నాకు చూపించినప్పుడు. ఆవిడ ముందు నాకు మాట రాలేదు. అది నేను చూసుకోవాల్సిన విభాగమే. ఆ రాత్రే తీసేశాను.

ఆస్తిపన్నుతో పాటు మనమందరం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పుస్తకాలను ఏ అరలో పెట్టాలో తెలిసిన సిబ్బంది జిల్లా గ్రంథాలయాల్లో ఉన్నారు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దస్తమానం అక్కడే ఉంటారు. గ్రంథాలయ సంస్థలు నెలకో ఆదివారం ఒక గదీ రెండు కంప్యూటర్లూ ఇస్తే ఈ పని నేర్పించవచ్చు. డిగ్రీ కాలేజీలు కూడా ముందుకొస్తే మండలానికి ఒక్కరు దొరికినా చాలు. కార్యాలయాలకూ విద్యాసంస్థలకూ ఒక మనవి: సైట్ చిరునామా మార్చినప్పుడు పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి వదలండి, పాత పేరును వెంటనే వదులుకోకండి.

నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా, గద్వాల అయినా పిలిస్తే సొంత ఖర్చుతో వచ్చి నేర్పిస్తాను. మీ పత్రిక ద్వారా తెలియజేస్తే మీ కార్యాలయానికి వచ్చి వివరాలు తీసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నల్లగొండ