కథకుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పఠన సమావేశాల్లో తేలిన విషయాలు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక, కొత్త కార్యవర్గం వివరాలు విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో సంఘం అసలు పని, అంటే కథాపఠనాల గురించే రాస్తున్నాం. సమావేశాలకు రాలేకపోయినవాళ్లకూ పనికి రావాలని, జరిగినవాటి కంటే తేలినవాటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందుగా, పఠన పద్ధతి మారింది. రచయిత కథ చదవడం, మిగతావాళ్లు బాగుందనో ముగింపు ఇంకా పదునుగా ఉండాలనో చెప్పడం మానేశాం. అలాంటి మాటలతో రచయిత ఇంటికి వెళ్లి చేసే పనేమీ ఉండదు. ఇప్పుడు కథ వారం ముందే చేతికందుతుంది. ఐదారుగురు చదువుతారు, పెన్సిలుతో మూడే గుర్తులు పెడతారు. అర్థంకాక వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోట ప్రశ్నార్థకం, కన్ను వాక్యాలు దాటేసిన చోట అడ్డగీత, నమ్మలేకపోయిన చోట ఇంటూ. కారణాలు రాయరు, సలహాలు ఇవ్వరు. సమావేశంలో మొదటి ఇరవై నిమిషాలు రచయిత నోరు మెదపకూడదు. వివరణ ఇవ్వడం మొదలుపెడితే కథలో లేనిది నోటితో పూరించేస్తారు. పత్రికలో చదివేవాడికి ఆ నోరు అందుబాటులో ఉండదు.

ఒకే చోట ముగ్గురు గుర్తు పెడితే అక్కడ పని ఉన్నట్టే. ఒక్కరే పెడితే అది రుచి భేదం కావచ్చు. అయితే గుర్తు పడిన చోటే లోపం ఉండాలని లేదు. ముగింపు మీద పడిన ఇంటూకి మూలం చాలాసార్లు రెండు మూడు పేజీల ముందు దొరుకుతుంది.

అడ్డగీతలు ఎక్కువగా పడేది మొదటి పేజీలోనే. వాతావరణం, నిద్రలేవడం, కుటుంబ చరిత్ర, ఆ తర్వాత ఎప్పుడో కథ. మొదటి 150 మాటల్లోపు ఎవరు, ఎక్కడ, ఈ రోజు వాళ్లకు ఏం కావాలి అన్న మూడూ తెలిసిపోవాలి. మొదటి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి రెండో పేరా నుంచి చదివించి చూడండి. ఎవరికీ ఏమీ తగ్గినట్టు అనిపించకపోతే ఆ పేరా మీరు కథలోకి దిగడానికి రాసుకున్నది, చదువరికి అక్కర్లేదు.

ప్రశ్నార్థకాల్లో పెద్ద వాటా దృష్టికోణానిది. ఒక సన్నివేశాన్ని ఒకరి కళ్లతో చూపిస్తూ మధ్యలో ఇంకొకరి మనసులోకి దూకడం అందరికీ తెలిసిన పొరపాటే. తెలుగులో అంతకంటే సన్నగా జారే చోట్లు మూడున్నాయి. ఒకటి సర్వనామం. వాడు, అతను, ఆయన అన్న ఎంపికలోనే ఎవరు చూస్తున్నారో తెలిసిపోతుంది. కోడలి కళ్లతో నడిచే కథలో మామగారు ‘ఆయన’గా మొదలై నాలుగో పేజీలో ‘అతను’ అయితే, ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చి చూస్తున్నట్టుంటుంది. క్రియలూ అంతే: ‘చూశారు’ అని మొదలుపెట్టి ‘చూశాడు’ అని ముగించకూడదు. కావాలని మార్చడం వేరు. కోడలికి ఆయన మీద గౌరవం పోయిన క్షణంలో సర్వనామం మారితే ఆ ఒక్క మాట ఒక పేరా పని చేస్తుంది. అందుకే కథ మొదలుపెట్టేముందు పాత్రల పేర్లు రాసుకుని, ఒక్కో పేరు పక్కన ఆ కథలో వాడే సర్వనామం రాసి పెట్టుకోమని అందరికీ చెబుతున్నాం.

రెండోది రావడం, వెళ్లడం. ‘శేఖరం గదిలోకి వచ్చాడు’ అంటే చూసేవాళ్లు గదిలో ఉన్నారు. ‘వెళ్లాడు’ అంటే బయట ఉన్నారు. దృష్టికోణం బాగా కుదిరిన కథల్లో కూడా ఈ రెండూ తారుమారవుతుంటాయి. చదువరి కారణం చెప్పలేడు, కాని ఆగిపోతాడు. మూడోది, చూసే పాత్రకు తన మొహం తనకు కనపడదన్న సంగతి. ‘ఆమె మొహం ఎర్రబడింది’ అని ఆమె కళ్లతో నడిచే కథలో రాయలేం. చెవులు వేడెక్కాయనో, గొంతు పొడిబారిందనో రాయాలి.

దృష్టికోణం ఒకసారి నిలబడ్డాక ‘ఆమెకు కనిపించింది’, ‘అతనికి వినిపించింది’, ‘అనిపించింది’ లాంటివి చాలావరకు తీసేయవచ్చు. ‘కిటికీలోంచి చూస్తే వాన పడుతున్నట్టు ఆమెకు కనిపించింది’ అనేకంటే ‘బయట వాన పడుతోంది’ చాలు. గమనించడమే సంఘటన అయినప్పుడు మాత్రం ఉంచండి.

సంభాషణల మీద వాదనలు ఎక్కువయ్యాయి, తేలినవి కొన్నే. పాత్రలిద్దరికీ తెలిసిన విషయాన్ని చదువరి కోసం ఒకరికొకరు చెప్పుకుంటే ప్రతిసారీ ఇంటూ పడింది: ‘నీకు తెలుసుగా, నాన్నగారు పోయి రెండేళ్లయింది’ అని అన్న చెల్లెలితో చెప్పడు. తగాదాలో మాత్రం అదే సమాచారం సహజంగా వస్తుంది, ఎందుకంటే అక్కడ అది సమాచారం కాదు, దెప్పు: ‘నాన్న పోయి రెండేళ్లయినా నువ్వు ఆ గది తాళం తియ్యలేదు.’ ఇక ‘అన్నాడు’, ‘అంది’ అన్నవి కంటికి ఆనవు. గర్జించాడు, వాపోయింది, నిట్టూర్చాడు అని వరసగా మార్చుకుంటూ పోతే మాట కంటే ఆ క్రియే ముందు కనపడుతుంది. మన పిలుపుల్లోనే, మర్యాద రూపాల్లోనే ఎవరు మాట్లాడుతున్నారో సగం తెలిసిపోతుంది కాబట్టి ఇద్దరే ఉన్న చోట ‘అన్నాడు’, ‘అంది’లను కూడా చాలా తగ్గించుకోవచ్చు. ఐదారు మాటలకొకసారి పేరో చేసే పనో తగిలిస్తే సరిపోతుంది. ముగ్గురున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు.

మాండలికం రాయబోయేవాళ్లకు ఒక మాట. మాండలికం ముందుగా బెసికేది పదాల దగ్గర కాదు, క్రియల దగ్గర. పది పదాలు ఏరి తెచ్చుకుని క్రియారూపాలు మాత్రం ప్రమాణ భాషవే వాడితే అది ఏ ఊరి మాటా కాదు. ఆ మాట ఇంట్లో మాట్లాడే మనిషితో గట్టిగా చదివించండి. ఆయన నాలుక తడబడిన చోటల్లా దిద్దుకోండి.

సాగదీత అన్న ఫిర్యాదును సన్నివేశాలవారీగా విప్పి చూశాం. ప్రతి సన్నివేశం మొదట్లో ముఖ్యపాత్రకు ఏం కావాలో, చివర్లో ఏం మారిందో అంచున చెరో ముక్కలో రాయండి. రెండోదానికి రాయడానికేమీ లేకపోతే ఆ సన్నివేశాన్ని రెండు వాక్యాల కథనంగా కుదించండి, లేదా పక్క సన్నివేశంలో కలపండి. రెండు మూడు వేల మాటల కథ మూడు నుంచి ఐదు సన్నివేశాలు మోస్తుంది. అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో 1842లో కథను ఒక్క కూర్చోవడంలో, అరగంట నుంచి రెండు గంటల్లోపు చదివేసేదిగా లెక్కగట్టాడు. నిడివి గురించి అంతకంటే పనికొచ్చే కొలత ఇంకోటి మాకు దొరకలేదు.

గతంలోకి వెళ్లేటప్పుడు మొదటి వాక్యంలోనే కాలం తెలిపే మాట ఉండాలి: ‘ఆ ఏడాది’, ‘పెళ్లికి ముందు’, ఏదో ఒకటి. మామూలు భూతకాలంలోనే కథ నడుస్తూ గతం కూడా అదే భూతకాలంలో వస్తే హద్దు కనపడదు. వర్తమానంలో ఏదో తేలాల్సింది మిగిలి ఉండగా గతంలోకి వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు ముందు సన్నివేశంలోని వస్తువో చప్పుడో పట్టుకుని రావాలి.

కొసమెరుపు కథల మీద పడినన్ని ఇంటూలు ఇంక దేనిమీదా పడలేదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చూసే పాత్రకు మొదటినుంచీ తెలిసిన విషయాన్ని రచయిత చదువరికి దాచడం. అది మెరుపు కాదు, మోసం. పాత్రకు కూడా తెలియనిదై ఉండాలి, లేదా ఆ పాత్ర కళ్లతో కథ చెప్పకూడదు. ముగింపులో పనికొచ్చే వస్తువు అంతకుముందు రెండుసార్లైనా కనపడాలి. మొదటిసారి ఇంకేదో పనిలో భాగంగా, దానికంటూ వేరే వాక్యం లేకుండా కనపడితే మేలు. యాదృచ్ఛికం పాత్రను చిక్కుల్లో పడేస్తే చదువరి ఒప్పుకుంటాడు, గట్టెక్కిస్తే ఒప్పుకోడు.

తిరగరాత పెద్దవాటి నుంచి చిన్నవాటికి రావాలి: సన్నివేశాలు, దృష్టికోణం, సంభాషణ, వాక్యాలు, చివరికి అక్షరదోషాలు. ముందే వాక్యాలు చెక్కితే తర్వాత ఆ సన్నివేశం తీసేయడానికి చెయ్యి రాదు. రెండు ప్రతుల మధ్య మూడు వారాలైనా కథను ముట్టుకోకండి. వాక్యాల దశలో గట్టిగా చదవడం తప్పనిసరి. ‘వచ్చి, చూసి, కూర్చుని, తాగి’ అని నాలుగైదు అసమాపక క్రియలు చేరితే వినేవాడికి కర్త చేజారిపోతుంది. ఇంకో లోపం కంటికి దొరకదు: ‘తలుపు తీసి గాలి మొహాన కొట్టింది’ అంటే తలుపు గాలే తీసినట్టు. ‘తలుపు తీయగానే’ అంటే సరిపోతుంది.

నవలల మీద ఈ ఏడాది ఎక్కువ పని జరగలేదు. రాస్తున్నవాళ్లు అధ్యాయానికొక్క వాక్యం చొప్పున పట్టిక తయారుచేసి తెస్తే చాలు, మొత్తం ప్రతి అక్కర్లేదు.

వచ్చే ఏడాది పఠనానికి కథ ఇచ్చేవాళ్లు వాక్యాల మధ్య గుర్తులు పెట్టేంత ఖాళీ వదిలి, ప్రతి పేజీకి సంఖ్య వేసి, పాత్రల సర్వనామాల పట్టిక విడి కాగితం మీద జతచేయండి. పట్టిక చదువరులకు ఇవ్వం. గుర్తులన్నీ పడ్డాక దానితో పోల్చి చూస్తాం. సమావేశానికి పది రోజుల ముందు కార్యదర్శికి అందిన కథలనే తీసుకుంటాం. మొదటిసారి ఇచ్చేవాళ్లకు ముందు వరస.