కోచ్‌ని మార్చితే గోల్స్ పడతాయా?

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోనులో "ఢాకాలో ఓడిపోవడమేమిటిరా, అదీ బంగ్లాదేశ్ చేతిలో!" అని అరిచి పెట్టేశావు. నా జవాబు వినే ఓపిక నీకు ఎప్పుడూ లేదు, అందుకే రాస్తున్నాను. టీ పెట్టుకుని కూర్చో, కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక మాట. ఫుట్‌బాల్‌లో బంగ్లాదేశ్‌తో ఓడడం 2003 తర్వాత ఇదే మొదటిసారి, నిజమే, కడుపు మండింది. కానీ ఆ ఆట ఆడేనాటికే మన పని అయిపోయింది. 2025 అక్టోబరులో సొంతగడ్డ గోవాలో సింగపూర్‌తో 2-1 తేడాతో ఓడినప్పుడే 2027 ఆసియా కప్ చేజారింది. అర్హత పోటీల్లో మన గ్రూపులో ఎవరున్నారో గుర్తుందా? సింగపూర్, హాంకాంగ్, బంగ్లాదేశ్. కొరియా లేదు, ఇరాన్ లేదు. అలాంటి గ్రూపులో తొలి ఐదు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు, వాటిలో కొట్టింది మొత్తం రెండు గోల్స్. 2023 జులైలో 99వ ర్యాంకులో ఉన్న జట్టు 2025 నవంబరుకి 142కి పడిపోయింది.

నువ్వు వెంటనే కోచ్ మీద పడతావని తెలుసు. గువాహటిలో అఫ్ఘానిస్తాన్ చేతిలో ఓడినప్పుడు అప్పటి కోచ్ స్టిమాచ్‌ని పంపేయాలన్నావు, 2024లో పంపేశారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ట్రోఫీ తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్ వస్తే అన్నీ సర్దుకుంటాయన్నావు. వచ్చాడు, ఏడాదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఖాలిద్ జమీల్. పాపం ఆయన వస్తూనే మధ్య ఆసియా టోర్నీలో ఒమన్‌ని పెనాల్టీలలో ఓడించి మూడో స్థానం తెచ్చాడు, మనం ఎగిరి గంతేశాం. నెల దాటిందో లేదో సింగపూర్ చేతిలో ఆ ఓటమి. ఇంతమంది మారినా ఫలితం మారనప్పుడు జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టు కాదా?

"మరి రహీం సాబ్ కోచే కదా" అంటావు. అక్కడికే వస్తున్నాను. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, అప్పటి జాతీయ జట్టు కోచ్. నువ్వుండే మెల్‌బోర్న్‌లోనే 1956 ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఆ పోటీల్లో మనది నాలుగో స్థానం. మీ ఆఫీసులో ఆస్ట్రేలియా వాళ్లకు ఇది చెబితే నమ్మరు, ఒకసారి చెప్పి చూడు. ఆరేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని, డిఫెండర్‌ని, రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో కొరియా మీద అతను కూడా గోల్ కొట్టాడు, స్వర్ణం మనదే. అప్పటికే ఆయనను క్యాన్సర్ తినేస్తోంది, మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు.

ఇవన్నీ నీకు తెలిసినవే. మనం మరిచిపోయేది ఆయన మొదట బడిపంతులు అన్న సంగతి. కాచిగూడ మిడిల్ స్కూలు లాంటి చోట్ల పాఠాలు చెప్పినవాడు. హైదరాబాద్‌లో పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు: ఒక దాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి, ఇంకో దాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఆలోచించు, అదంతా జాతీయ శిబిరంలో ఇరవై రోజుల్లో నేర్పే విద్య కాదు. పన్నెండేళ్లప్పుడు కాలికి పట్టాలి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ గెలుచుకొచ్చింది, సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు, పీటర్ తంగరాజ్ వచ్చాడు, తర్వాత నయీముద్దీన్, హబీబ్. ఆ ఊళ్లో ఆట ఉంది గనకే వచ్చారు. జకార్తాలో ఆయన చేసిన మాయకు ముడిసరుకు ఈ వీధుల్లో తయారైంది. ఇప్పుడు మనం చేస్తున్నది నారు పోయకుండా నాట్లకు మనుషులను పిలవడం.

అదే జకార్తాలో మనం జపాన్‌ని 2-0తో ఓడించాం, తెలుసా? వాళ్లు 1993లో జె.లీగ్ అనే ప్రొఫెషనల్ లీగు పెట్టారు, 1998లో మొదటిసారి ప్రపంచ కప్ ఆడారు, అప్పటినుంచి ఒక్కటీ వదల్లేదు. 2026లో నలభై ఎనిమిది జట్ల ప్రపంచ కప్ అనగానే మనవాళ్లకూ ఆశలు పుట్టాయి. ఆ పెరిగిన చోట్లలోకి వెళ్లింది ఉజ్బెకిస్తాన్, జోర్డాన్.

ఇక గోల్స్ సంగతి. 2025లో నలభై ఏళ్ల స్ట్రైకర్ సునీల్ ఛెత్రిని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిచారంటేనే అర్థం కావాలి. 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) సీజన్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే! ఎందుకు? ఏ క్లబ్బయినా డబ్బు పెట్టి విదేశీ స్ట్రైకర్‌ని తెచ్చుకుంటుంది. మనవాణ్ణి మైదానం అంచున వింగ్ మీదకో, బెంచీ మీదకో తోస్తుంది. క్లబ్బుని తప్పు పట్టను, వాళ్లకు గెలుపు కావాలి. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడికి పెనాల్టీ బాక్సులో తొంభై నిమిషాలు దొరికే లీగు కింద ఒకటి ఉండాలి కదా? పై లీగుకే దిక్కు లేకపోయింది. వాణిజ్య హక్కుల ఒప్పందం ముగిసే వేళకు కొత్తది కుదరక 2025-26 సీజన్ 2026 ఫిబ్రవరి దాకా మొదలే కాలేదు. ఆటగాళ్లు ఆట మొదలుపెట్టండని బహిరంగంగా బతిమాలుకోవాల్సి వచ్చింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఊరే వదిలి ఢిల్లీ వెళ్లి పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

విదేశాల్లో పుట్టిన మనవాళ్లను తేవాలన్న నీ వాదన ఒప్పుకుంటాను, కొంతవరకు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని ర్యాన్ విలియమ్స్ వచ్చాడు, మంచిదే. ఒకరిద్దరు పనికొస్తారు. దాన్నే ప్రణాళిక అనుకుంటే మళ్లీ పదేళ్లు పోతాయి.

అమ్మాయిల జట్టును మాత్రం మరిచిపోకు. 2025 జులైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మన నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ ఆడే జట్టది. మగవాళ్ల జట్టుకు అందే డబ్బులో, ప్రచారంలో వాళ్లకు దక్కేది ఎంతో నీకూ తెలుసు.

నన్నడిగితే, ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఐదేళ్లపాటు జాతీయ జట్టు ర్యాంకు గురించి మాట్లాడడం మానేయాలి. జిల్లాకొక పిల్లల లీగు, ఏడాదిలో ఏడెనిమిది నెలలు, ప్రతి వారం మ్యాచ్. నాకౌట్ టోర్నీ కాదురా, లీగు. నాకౌట్‌లో సగంమంది పిల్లలు మొదటి రోజే ఓడి ఇంటికెళ్లిపోతారు, ఇంక ఆ ఏడాది వాళ్లకు ఆటే లేదు. మన వ్యాయామ ఉపాధ్యాయులకు కోచింగ్ లైసెన్సులు, వాటికి తగ్గ జీతం. పెద్ద లీగులో ప్రతి జట్టూ ఒక భారతీయ స్ట్రైకర్‌ని ఆడించి తీరాలన్న నియమం కొన్నాళ్లు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

అన్నట్టు, మీ పాప అక్కడ శనివారాలు ఆడుతుందన్నావు కదా. వాళ్ల లీగు ఎలా నడుస్తుందో వివరంగా రాయి. సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు, ఫీజు ఎంత, రిఫరీలు ఎవరు, తల్లిదండ్రులే కోచ్‌లా, జట్టుకు ఎంతమంది. మా కాలనీ బడి హెడ్మాస్టరు ఆదివారాలు మైదానం ఇస్తానన్నాడు, చుట్టుపక్కల ఇంకో రెండు బడులు కూడా వస్తాయేమో అడుగుతున్నాను. గోల్ పోస్టులకు వెల్డింగ్ వాడితో బేరం నడుస్తోంది. ఈసారి వచ్చేటప్పుడు చాక్లెట్లు వద్దు, పిల్లల సైజు బంతులు తే.

నీ
మూర్తి