బరువు చేతికిచ్చే ముందు అడగాల్సిన ప్రశ్నలు

సంపాదకులకు,

జిమ్‌లో ఎవరో కుప్పకూలారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బరువులంటే భయం పుడుతుంది. ఆ భయంతో ముందుగా మానేసేది నలభై దాటి, షుగరో బీపీయో ఉన్నవాళ్లు. కండరానికి పని చెప్పాల్సిన అవసరం అందరికంటే వాళ్లకే ఎక్కువ. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటాను తీసుకునేది కండరమే. బాగా పనిచేసిన కండరం ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం ఆపకూడదంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి పనికొచ్చే వ్యాయామం చెప్పారు.

మేము పర్సనల్ ట్రైనర్లం. ఇలాంటివాళ్లు జిమ్‌లో చేరిన మొదటి నెల ఎలా నడవాలో, మా వృత్తిలో ఎక్కడ తప్పు జరుగుతోందో పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాం.

ఇప్పుడు చాలాచోట్ల మొదటి రోజు ఇలా గడుస్తుంది. వచ్చినాయన చెప్పులు విప్పి కొవ్వు శాతం చూపే మిషన్ ఎక్కుతారు, ఒక కాగితం వస్తుంది, దాన్ని చూపించి ప్యాకేజీ అమ్ముతారు. ఆ మిషన్ ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, దానికి ఎదురయ్యే అడ్డును బట్టి లెక్క కడుతుంది. ఒంట్లో నీరు పెరిగినా తగ్గినా అంకె మారిపోతుంది కాబట్టి ఉదయం కొలతకీ సాయంత్రం కొలతకీ పొంతన ఉండదు. దర్జీ టేపు ఇంతకంటే నమ్మదగినది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటిందంటే మన దక్షిణాసియా వాళ్ల లెక్కలో పొట్ట కొవ్వు హద్దు దాటినట్టే. నెలకోసారి అదే టేపుతో, అదే వేళకు కొలిస్తే చాలు.

మొదటి రోజు గంటలో ముప్పావు వంతు ప్రశ్నలకే పోవాలి. నడుస్తుంటే, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా? కళ్లు తిరిగి పడిపోయారా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె జబ్బుతో పోయారా? మోకాలు, నడుము, భుజం ఎలా ఉన్నాయి? ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా? చివరిసారి కంటి పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు? కొంతకాలంగా వ్యాయామం అలవాటు లేని మనిషికి షుగర్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వీటిలో ఏది ఉన్నా, ఏ ఇబ్బందీ కనిపించకపోయినా సరే, ముందు డాక్టరు అనుమతి తీసుకోవాలి. ఇక మందుల సంగతి. "షుగర్ మాత్ర ఒకటి, బీపీ మాత్ర ఒకటి" అంటే సరిపోదు, స్ట్రిప్పులే తెమ్మని అడగాలి. మందు మార్చమనడం మా పని కాదు గానీ దాని పేరు తెలియకుండా బరువు చేతికివ్వడం తప్పు.

ఎందుకంటే షుగర్ మాత్రలన్నీ ఒకేలా పనిచేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి వ్యాయామం మధ్యలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవారికి ఆ ప్రమాదం నిజంగా ఉంది. మన దగ్గర మామూలుగా జరిగే పొరపాటు తెల్లవారుజామునే జరుగుతుంది. టిఫిన్‌కు ముందు వేసుకోవాల్సిన మాత్ర లేవగానే వేసుకుని, ఖాళీ కడుపుతో ఐదున్నరకి జిమ్‌కి వచ్చి, గంట కష్టపడి, ఇంటికెళ్లి స్నానం, పూజ అయ్యాక ఎనిమిదిన్నరకి టిఫిన్ తింటారు. మూడు గంటలు మందు పనిచేస్తూనే ఉంటుంది, తిండి మాత్రం లేదు. మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడిగి రమ్మని చెప్పడం, లేదంటే వ్యాయామాన్ని టిఫిన్ అయిన గంటన్నర తర్వాతకో సాయంత్రానికో మార్చడం ట్రైనరు బాధ్యత. తొడకు ఇన్సులిన్ వేసుకుని వెంటనే కాళ్ల వ్యాయామం చేసినా మందు తొందరగా ఒంటికి పట్టి షుగర్ పడిపోతుంది. ఆ రోజు పొట్టకు వేసుకోవాలి.

ఈ మందులు వాడేవాళ్లు మొదటి నెలంతా వ్యాయామానికి ముందు, తర్వాత వేలు గుచ్చి చూసుకోవాలి. 70 లోపు ఉంటే మొదలుపెట్టకూడదు. 90 లోపు ఉంటే 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం, అంటే ఒక అరటిపండు తిని మొదలుపెట్టాలి. 300 దాటి ఉంటే, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు వద్దు. బాగున్నా సరే, నీళ్లు తాగుతూ తేలికపాటి నడకతో ఆపాలి. మధ్యలో వణుకు, చెమట, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే ఆపి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి, 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. సాయంత్రం గట్టిగా చేసినవాళ్లకు అర్ధరాత్రి కూడా పడిపోవచ్చు, ఇది ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి. ఇంకొకటి, చాలా తీవ్రంగా చేసిన వెంటనే కొందరికి షుగర్ కాస్త పెరిగి కనిపిస్తుంది. శ్రమకు లివరు గ్లూకోజ్ వదలడం వల్ల అలా అవుతుంది, అది చూసి వ్యాయామం పడలేదని మానేయనక్కర్లేదు.

బీపీ విషయంలో కొలిచే పద్ధతే సగం సమస్య. మెట్లెక్కి వచ్చిన మనిషిని నిలబెట్టి పట్టీ చుడితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ఉండకూడదు. 160/100 పైన వస్తే డాక్టరును కలిసి వచ్చాకే బరువులు. 180/110 దాటితే ఆ రోజు ఏ వ్యాయామమూ వద్దు. ఇది మేము పాటించే గీత, కఠినంగా ఉన్నా దీన్ని జరపం.

అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవారికి గుండె వేగం పెరగకుండా మందు ఆపుతుంది. 220లోంచి వయసు తీసేసి ట్రెడ్‌మిల్ మీద గుండె వేగం ఆ అంకెను అందుకోవాలంటే వాళ్లు పడిపోయేదాకా నడవాలి. వాళ్లకు మాటే కొలబద్ద. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. ఇవే మందులు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకునీ గుండెదడనీ కూడా కప్పేస్తాయి. చెమట ఒక్కటే కనిపిస్తుంది. వ్యాయామంలో చెమట మామూలే కదా అని ట్రైనరు దాన్నీ పట్టించుకోకపోతే అసలు తెలియనే తెలియదు.

ఊపిరి బిగబట్టడం బీపీ ఉన్నవాళ్లకు శత్రువు. బాడీబిల్డర్లు లెగ్ ప్రెస్ మీద పూర్తి బలంతో తోస్తున్నప్పుడు ధమనిలో నేరుగా కొలిస్తే పై అంకె 300 దాటిన దాఖలాలున్నాయి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టకుండా ఎత్తలేనంత బరువైతే ఆ బరువే తప్పు. పని అయిపోగానే టక్కున ఆగి కూర్చోకూడదు. అయిదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా నడిపించాలి, లేకపోతే కాళ్లలో రక్తం నిలిచి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నీటిని బయటకు పంపే బీపీ మాత్రలు వాడేవారికి, మన ఎండాకాలంలో, ఏసీ లేని జిమ్‌లో ఇది మరీ ఎక్కువ.

పాదాలు, కళ్లు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బూటులో గులకరాయి ఉన్నా తెలియదు. వట్టి కాళ్లతో వ్యాయామం వద్దు, రోజూ సాక్సు విప్పాక అరికాలు చూసుకోవాలి, పుండు కనిపిస్తే అది మానేదాకా ట్రెడ్‌మిల్ బదులు కూర్చుని చేసేవి. కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టాయని డాక్టరు చెప్పినవారికి బరువైన లిఫ్టులు, గెంతులు, తల కిందికి వాల్చే వ్యాయామాలు ఇవ్వకూడదు, కంటిలో రక్తస్రావం కావచ్చు.

ఇక ఎంత బరువు అన్న ప్రశ్న. ఒక్కసారి గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో పరీక్షించడం వీళ్లకు అక్కర్లేదు. 12 సార్లు ఎత్తాక ఇంకో మూడు నాలుగు సార్లు ఎత్తగలను అనిపించే బరువే మొదటి బరువు. మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం ఒకటి లేదా రెండు సెట్లు (ఆగకుండా వరసగా చేసే ఒక విడతే సెట్), మొత్తం ఆరు నుంచి ఎనిమిది వ్యాయామాలు, మధ్యలో రోజు విడిచి వారానికి రెండు మూడు రోజులు. కుర్చీ మీద నుంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులాన్చి పుషప్, కూర్చుని కేబుల్ లాగడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం, మడమలెత్తడం, రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకుని నడవడం. ఇంతకు మించి హంగులు అవసరం లేదు. 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీ నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో మొదటి రోజు రాసిపెట్టి నాలుగు వారాలకు మళ్లీ చూడండి. అద్దంలో కనిపించని మార్పు ఆ అంకెలో కనిపిస్తుంది.

బరువు పెంచేటప్పుడు చాలామంది ట్రైనర్లు గమనించని లెక్క ఒకటుంది. డంబెల్స్ రెండున్నర కిలోల తేడాతో ఉంటాయి. 20 నుంచి 22.5కి వెళ్తే పెరిగింది ఎనిమిదో వంతు. 5 నుంచి 7.5కి వెళ్తే ఏకంగా సగం పెరిగింది. యాభై ఏళ్ల ఆవిడ భుజం పట్టేసేది ఇక్కడే. చిన్న బరువుల దగ్గర ముందు 10 నుంచి 15 సార్లకు, తర్వాత రెండు సెట్ల నుంచి మూడుకు పెంచి, అప్పుడు గానీ పై డంబెల్ అందుకోకూడదు. మిషన్ల పలకల మీద అంకెలు చాలాచోట్ల పౌండ్లలో ఉంటాయి. జిమ్ మారినప్పుడు అక్కడి 40 కిలోలా పౌండ్లా అని అడిగి తీరాలి.

ఒళ్లు నొప్పులొస్తేనే వర్కౌట్ పనిచేసినట్టు అన్న నమ్మకం మా వృత్తికి పట్టిన చెడ్డ అలవాటు. కొత్త పనికి ఒకటి నుంచి మూడు రోజులు తేలిక నొప్పి సహజం. మొదటి రోజే వంద స్క్వాట్లు చేయిస్తే కండర కణాలు చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీయగలదు. కండరాలు వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లి, కండరం ఎంత దెబ్బతిందో చెప్పే సీకే రక్తపరీక్ష చేయించాలి. నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీలపై ఇంకో దెబ్బ. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లకు అంతుచిక్కని కండరాల నొప్పి వస్తే డాక్టరుకు చెప్పాలి.

డైట్ చార్టులు, పౌడర్లు మా చేతుల్లోంచే ఎక్కువగా వెళ్తున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు సిఫారసు చేసే ప్రొటీన్ కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దని 2024 మార్గదర్శకాల్లో ఆ సంస్థే చెప్పింది. బలం పెంచుకునే వాళ్లకు కొంత ఎక్కువ కావాలంటే గుడ్లు, పప్పు, పెరుగు, చేప, సోయా ఉన్నాయి. షుగర్ ఉన్నవారికి క్రియాటినిన్ చూడకుండా రోజూ రెండు స్కూపులు రాసివ్వడం మాత్రం నేరంతో సమానం. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవారిచేత అన్నం, రొట్టె పూర్తిగా మాన్పించి కీటో చేయించడం ఇంకా ప్రమాదం. మీటరులో షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇక ఏ వయసువాళ్లకైనా, మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్‌ను ఉత్సాహం కోసం అమ్మేవాడు ట్రైనరే కాదు, పోలీసులకు చెప్పాల్సిన మనిషి.

షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చల్లని చెమట, దవడలో బరువు, ఉన్నట్టుండి నీరసం ఇవే గుర్తులు కావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టడం వల్ల విలువైన సమయం పోతుంది. పడిపోయి ఊపిరి సరిగా తీసుకోకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో అయిదారు సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, దీన్నే సీపీఆర్ అంటారు. జిమ్ తెరిచి ఉన్న ప్రతి గంటలోనూ ఇది చేయగల మనిషి ఒకరైనా లోపల ఉండాలి.

ట్రైనరును కుదుర్చుకునేవాళ్లు సర్టిఫికెట్ ఏ సంస్థది, ఎన్ని రోజుల కోర్సు, సీపీఆర్ శిక్షణ ఎప్పుడు తీసుకున్నారు అని మొహమాటం లేకుండా అడగండి. ఒకే గంటలో ముగ్గురిని చూసుకుంటే దాన్ని పర్సనల్ ట్రైనింగ్ అనరు. తేదీ, బరువు, ఎన్నిసార్లు, బీపీ, షుగర్ రాసే పుస్తకం ట్రైనరు చేతిలో కనిపించకపోతే మూడో వారంలో ఏం పెంచాలో ఆయనకూ తెలియదు. జబ్బు చేస్తే సెషన్లు నిలుపుతారా, ట్రైనరు మానేస్తే మిగిలినవి ఏమవుతాయి అన్నది డబ్బు కట్టే ముందే రాయించుకోండి.

చేరేటప్పుడు సంతకం పెట్టే ఫారం చాలా జిమ్‌లలో ఇంగ్లీషులో ఉంటుంది, ఎవరూ చదవరు. ఆరోగ్య ప్రశ్నల పేజీ ఒకటి తెలుగులో ఉండాలని, బీపీ మిషన్, గ్లూకోమీటరు, చక్కెర డబ్బా కౌంటరు దగ్గరే ఉండాలని ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీలు షరతు పెట్టవచ్చు. డాక్టరు చీటీ తెచ్చాకే మొదలుపెడదామని ఒక ట్రైనరు మనిషిని వెనక్కి పంపితే, ఆ నెల అతని టార్గెట్‌లో దాన్ని లోటుగా చూపించి జీతం కోయవద్దని జిమ్ యజమానులను కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు పర్సనల్ ట్రైనర్లు,
విజయవాడ