ఇప్ప మొక్కల గురించి, బుక్ చేసుకున్నవాళ్లకు

వచ్చే వానాకాలానికి ఇప్ప మొక్కలు ఇస్తానని మీలో 40 మంది దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను. చెప్పినన్ని ఇవ్వలేను. అందరి డబ్బూ ఈ వారంలోనే వెనక్కి పంపుతున్నాను, ఎవరూ అడగక్కర్లేదు.

ఇప్ప గింజ పలుకులో నూనె ఎక్కువ. పండు రాలిన కొద్ది వారాలకే గింజ మొలిచే గుణం పోతుంది. అందుకే రాలినవి రాలినట్టే పంపమని, ఆరేళ్లుగా ఆదిలాబాద్ వైపు నుంచి గింజలిచ్చే మనిషికి నాలుగుసార్లు చెప్పాను. "నిన్న ఏరినవే సార్" అన్నాడు. గోనె విప్పగానే పాత నూనె వాసన. ఒకటి కోసి చూస్తే పలుకు ముడుచుకుపోయి, గోధుమరంగులో ఉంది. అప్పుడే తిప్పి పంపాల్సింది, మొహమాటపడ్డాను. 400 కవర్లలో పెడితే 31 మొలిచాయి. ఫోన్ చేస్తే తప్పంతా వానల మీదకు తోశాడు.

ఇంతలో ఒకాయన రెండేళ్ల మొక్కలున్నాయి, 90 రూపాయలకు ఇస్తానన్నాడు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. తీసుకుంటే నా మాట నిలబడుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. వెళ్లి ఒక కవరు చింపించాను. తల్లివేరు దిగడానికి చోటు లేక అడుగున మూడు చుట్లు చుట్టుకుని ఉంది. ఇప్ప పూతకు రావడానికే పదేళ్ల దాకా పడుతుంది. వేరు పట్టులేని ఆ చెట్టు ఎప్పుడు ఒరిగినా నా పేరే ఎత్తుతారు. వద్దని వచ్చేశాను. మా ఆవిడ ఇంకా సాధిస్తూనే ఉంది.

"నర్సరీవాళ్లంతా ఇంతే" అని ఓ పాత కస్టమర్ మెసేజ్ పెట్టారు. చేవెళ్లలో ఆయన తోటలో ఉన్న కానుగలన్నీ నేనిచ్చినవే. ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి చెప్పమనండి.

ఆ 31 బతికి బట్టకడితే బుకింగ్ వరుసలో మనిషికొకటి ఇస్తాను, పైసా తీసుకోను. గబ్బిలాల కోసం ఇప్ప అడిగినవాళ్లకు నేరేడు ఇవ్వగలను, పండుకు అవీ వస్తాయి, చిలకలూ వస్తాయి. కానీ రాత్రి పూసి తెల్లారేసరికి రాలే ఆ తియ్యటి పువ్వుకు బదులు లేదు, ఉందని చెప్పను. (ఎలుగుబంట్లు వస్తాయా అని అడిగినావిడకు: మొయినాబాద్ దాకా అవి రావమ్మా.)

వచ్చే జూన్‌లో నేనే వెళ్లి చెట్టు కింద ఏరుకొస్తాను. కార్లో మూడు సీట్లు ఖాళీ, తట్ట ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.