ట్రైలర్ ఎత్తు, షెడ్డు తలుపు

తల్లీ,

మంచు పడేలోగా మీ క్యాంపింగ్ ట్రైలర్‌ని, అదే బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటిని, షెడ్డులో పెట్టేయాలని రాశావు. కంపెనీ పుస్తకంలో 10 అడుగుల 10 అంగుళాలని ఉంది, తలుపు 11 అడుగులు, ఇంకా 2 అంగుళాలు మిగులుతాయి కదా అన్నావు. ఆ 2 అంగుళాలను నమ్ముకోకు. నేల చదునుగా ఉన్నంతవరకే అది ట్రైలర్ ఎత్తు. గడప దాటేటప్పుడు చక్రాలు ఒక వాలు మీద, లాగే బండి ఇంకో వాలు మీద ఉంటాయి. అప్పుడు ముందు భాగం, వెనక భాగం అడుగడుక్కీ లేస్తూ దిగుతూ ఉంటాయి. కొలవాల్సింది అది.

ముందు పుస్తకంలో అంకె పక్కన పెట్టి నువ్వే కొలువు. ట్రైలర్ కప్పు మీదున్న ఏసీ మీద తిన్నని బద్ద అడ్డంగా పెట్టి, రసమట్టంతో సరిచూసి, రెండు చివర్ల నుంచీ నేల దాకా టేపు వదులు. నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి, సామాన్లు దించిన తర్వాతే ఈ పని చెయ్యి. బరువు తగ్గితే కమాన్లు తేలికపడి ట్రైలర్ కాస్త లేస్తుంది. వేసవిలో నిండుగా ఉన్నప్పటి కొలత అందుకే పనికిరాదు.

తలుపును ఎడమన, మధ్యలో, కుడివైపున మూడుచోట్లా కొలువు. పైకమ్మి (తలుపు పైన ఉండే అడ్డదూలం) దాకా కాదు, అన్నిటికన్నా కిందికి వేలాడేదాని దాకా. పైకి చుట్టుకునే తలుపయితే దాని అడుగు రబ్బరు చాలాసార్లు పైకమ్మికన్నా కిందే ఆగిపోతుంది. మోటారు ఆగే హద్దును సర్దితే అక్కడ ఒకటి రెండు అంగుళాలు దొరకొచ్చు. తలుపు స్ప్రింగుల జోలికి మాత్రం వెళ్లొద్దు, వాటిలో మనిషిని చంపేంత బిగువుంటుంది. లోపల దీపాలు, తలుపు పట్టాలు, దూలాలు కూడా కొలిచి రాసుకో.

ఇప్పుడు వాలు సంగతి. ట్రైలర్‌ని వెనక్కి తోస్తూ లోపలికి పంపుతాం కదా. బయట నేల గడప వైపు ఎక్కుతూ, లోపల చదునుగా ఉంటే, చక్రాలు ఇంకా ఎక్కుడు మీద ఉండగానే తోక లోపలికి వెళ్లి ఆకాశం వైపు లేస్తుంది. అడుగుకి అంగుళం చొప్పున ఎక్కుడు, ఇరుసుల నుంచి తోక దాకా 12 అడుగులు అనుకో. చక్రాలు గడపకు చేరేసరికి తోక మామూలుకన్నా సుమారు 12 అంగుళాలు పైన ఉంటుంది. తలుపు దాటేసింది, గండం గడిచిందనుకున్నాక లోపలి దూలానికి తగిలేది ఇలాగే. బయట నేల గడప వైపు దిగుతుంటే ఇదంతా తలకిందులవుతుంది. చక్రాలు లోపలికి దిగాయి, బండి ఇంకా పైనే ఉంది, కాబట్టి ట్రైలర్ ముందు భాగం లేచి పైకమ్మికి తగులుతుంది.

లెక్క కష్టమనిపిస్తే అసలు అడుగుకి కాగితం మీద అంగుళం చొప్పున గోడ, గడప, వాలు గీయి. అదే కొలతలో ట్రైలర్ పక్క ఆకారాన్ని అట్టలో కత్తిరించు, ఏసీని, పైపు మూతల్ని కూడా వదలకుండా. చక్రాలున్న చోటు నేలకు ఆనించి నెమ్మదిగా జరుపు. ఎక్కడ తగులుతుందో అట్టే చూపిస్తుంది.

తోక దించాలంటే ముందు కొన ఎత్తాలి. ఇరుసుల నుంచి కప్లర్ (లాగే బండికి తగిలించే ముందు కొన) దాకా 18 అడుగులుంటే, కప్లర్‌ను 6 అంగుళాలు ఎత్తితే తోక 4 అంగుళాలు దిగుతుంది. ఇరుసులకు 3 అడుగులు ముందున్న ఏసీ మాత్రం ఒక అంగుళం లేస్తుంది. సరిగ్గా ఇరుసుల మీదే ఏసీ ఉంటే ఈ ఉపాయం దానికి ఏమీ చెయ్యదు. పైగా గడప దగ్గర సిమెంటు అంచు పొడుచుకొచ్చి ఉంటే, చక్రం దాని మీదికెక్కే క్షణంలోనే ఏసీ పైకమ్మి కింద ఉంటుంది. ఆ అంచు ఎంతుందో అంత ఖాళీ పోయినట్టే. తోక దింపినప్పుడు వెనకున్న మురుగు పైపు నేలను గీరకుండా చూడు. జంట ఇరుసుల ట్రైలర్‌కి కమాన్లు కాకుండా టార్షన్ ఇరుసులు (లోపలి రబ్బరు సాగి, నలిగి కుదుపు ఆపేవి) ఉంటే, ముందు కొన బాగా ఎత్తినప్పుడు బరువంతా వెనక ఇరుసు మీద పడుతుంది. అలా ఎక్కువ దూరం నడపకూడదు.

టైర్ల గాలి తగ్గిస్తే ఒక అంగుళం అటూ ఇటూ కలిసొస్తుంది. నడక వేగంతో, చదును నేల మీద, ఆ కొద్ది దూరానికే. రిమ్ము టైరును నలిపేంత తీయొద్దు. లోపలికి వెళ్లాక వెంటనే గాలి నింపాలి, లేకపోతే శీతాకాలమంతా నలిగి టైరు పక్కలు పాడవుతాయి. గాలి నింపితే కప్పు మళ్లీ లేస్తుంది కాబట్టి పైన ఏ దూలం కిందా ఆపొద్దు. చలికాలమంతా జాకీల మీద నిలబెట్టాలన్నా ఇదే జాగ్రత్త.

ఇవేవీ చాలకపోతే ఏసీ తీసేయడమే. పైన ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే తీస్తే పెద్దగా రాదు, దాని కిందే కాయిల్ ఉంటుంది. మొత్తం తీస్తే దాదాపు అడుగు దొరుకుతుంది. కరెంటు పూర్తిగా ఆపి, లోపలి కప్పు పలక విప్పి, వైర్లు ఊడదీయి. ఏ వైరు ఎక్కడిదో ఫొటో తీసుకో. నాలుగు పొడవాటి బోల్టులు విప్పితే పైన వదులవుతుంది. 35 నుంచి 45 కిలోల బరువు, ఒక్కదానివే ఎత్తొద్దు. ఆ 14 అంగుళాల చదరపు కంతను గట్టి పలకతో నీరు చొరకుండా మూసెయ్యి. తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ (నీరు చొరకుండా మధ్యలో వేసే మెత్తని పట్టీ) వేసి, అది సగం మందానికి నలిగేదాకా నాలుగు మూలలూ సమంగా బిగించు. అంతకు మించితే కప్పు నలుగుతుంది.

నా మాట ప్రకారం అన్ని లెక్కలూ అయ్యాక 3 అంగుళాల ఖాళీ ఉండాలి. కుదుపుకే కొంత పోతుంది. కప్పు మీద మంచు ఉంటే ముందు దులిపెయ్యి, యాంటెన్నా దించు, గాలి కిటికీల మూతలు వెయ్యి, గ్యాస్ సిలిండర్లు తీసి బయట పెట్టు. అల్లుడుగారిని పక్కన నిచ్చెన మీద నిలబడి కప్పు చూడమను, ట్రైలర్‌కీ గోడకీ మధ్య మాత్రం ఎవ్వరూ వద్దు. ఆయన "ఆగు" అంటే మారు అడక్కుండా ఆపు.

వసంతంలో బయటికి తీసేముందు మళ్లీ కొలువు. గడప దగ్గర మంచు గట్టిపడినా, నేల గడ్డకట్టి ఉబ్బినా, లోపలికి పట్టిన ట్రైలర్ బయటికి పట్టకపోవచ్చు.

బయటి వాలు ఎంతో, ఇరుసుల నుంచి తోక దాకా, కప్లర్ దాకా ఎంతెంతో, ఏసీ ఎక్కడుందో కొలిచి పంపు. ఇక్కడ నేను కూడా అట్ట కత్తిరించి చూస్తాను.

నాన్న